నెమ్మదిగా నడవడానికి నేల ఏదీ?

2025 జూన్ 21, యోగా దినోత్సవం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో ఒక చాప మీద నేనూ కూర్చున్నాను. ఆర్కే బీచ్ దగ్గర మొదలై భోగాపురం దిక్కుగా పాతిక కిలోమీటర్లు దాటి పరిచిన చాపలవి. ప్రధాని వచ్చారు. మూడు లక్షల మంది ఒక్కసారి చేతులెత్తారు. గిన్నిస్ వాళ్లు లెక్క రాసుకున్నారు. ఆ క్షణాన నా ఒళ్లు జలదరించిన మాట నిజం. అంతమంది ఒకే ఊపిరికి ఆగి, ఒకే ఊపిరికి కదలడం చిన్న సంగతి కాదు. దాన్ని నేను చులకన చెయ్యను.

నా పక్క చాప మీద విజయనగరం జిల్లా నుంచి రాత్రే బస్సెక్కి వచ్చిన అంగన్‌వాడీ టీచరు. నలభై ఏళ్లుంటాయేమో. శవాసనం అయిపోయినా లేవబుద్ధి కాక అలాగే పడుకుంది. "హాయిగా ఉందమ్మా," అంది కళ్లు తెరవకుండానే. "రేపట్నించి ఇంటి దగ్గర చేసుకుంటావా తల్లీ?" అన్నాను. ఆవిడ లేచి చాప చుట్టుకుంటూ అంది: "ఎక్కడ చేస్తామమ్మా? ఇల్లు ఇరుకు. మాకు చెరువుగట్టుండేది, పొద్దున్నే ఆడోళ్లం అటు నడిచెళ్లేవోళ్లం. గట్టు తవ్వేసి ప్లాట్లేసేశారు. రోడ్డెక్కితే లారీలు."

చాప ఇచ్చారు, చోటు తీసుకున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కానీ ఇది కోపం లేకుండా చెప్పగలిగే సంగతి కాదు.

ఆ రోజు చాపలు పరిచిన రోడ్డు తొట్లకొండ కిందుగానే పోతుంది. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ కొండ మీది బౌద్ధ స్థలం బయటపడింది. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల దానికి ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు ఆ కొండ మీద సముద్రం ఎదురుగా బతికారు. వాళ్ల సాధనలో కూర్చోవడం ఎంతో నడవడమూ అంతే. పాళీలో దాన్ని చంకమ అంటారు. ఈ కొస నుంచి ఆ కొసకి నడవడం, ఆగడం, తిరగడం, మళ్లీ నడవడం. మడమ ఎప్పుడు ఆనింది, బరువు ఎప్పుడు ముందుకు జారింది, వేళ్లు ఎప్పుడు లేచాయి, అది తెలుస్తూ ఉండాలి. ఇలాంటి నడక వల్ల అయిదు లాభాలని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి: దూరాలు పోయే శక్తి వస్తుంది, సాధనలో పట్టు చిక్కుతుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడుస్తూ సంపాదించిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలుస్తుంది. తిండి అరగడాన్నీ ధ్యానాన్నీ ఒకే వరసలో చెప్పడం చూడండి. ఒంటినీ మనసునీ వాళ్లు విడదీయలేదు. ఈ సాధనకి వాళ్లకి కావలసినవి ఒక చదును బాట, కాస్త గాలి, ఎవరూ తరమకపోవడం.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. అక్కడ ఆసనానికి లక్షణం స్థిరంగా ఉండడం, సుఖంగా ఉండడం. ఎంత వంగావు, ఎంతసేపు నిలబడ్డావు, ఎంతమందిలో ఒకడివి అన్న లెక్కలు లేవు. స్థిరంగా, సుఖంగా ఉండడానికి కింద నేల ఉండాలి కదా అని ఆయన విడిగా చెప్పలేదు. ఆ రోజుల్లో చెప్పాల్సిన అవసరం ఉండి ఉండదు.

నాకు ఈ విద్య పుస్తకాల్లో దొరకలేదు. ఆరేళ్ల కిందట నడుములో డిస్కు జారింది. ఎడమ కాలు తొడ నుంచి చిటికెన వేలి దాకా మొద్దుబారిపోయింది. మంచం దిగి బాత్రూముకి వెళ్లడానికి గోడ పట్టుకునేదాన్ని. ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి మొదటి నెల ఒక్కటే చెప్పింది: "నలభై అడుగులు వెయ్యండాంటీ. కానీ ఒక్కో అడుగూ వేస్తున్నట్టు మీకు తెలియాలి." ఇంట్లో టైల్స్ మీద వేస్తే ఏమీ తెలిసేది కాదు. నున్నటి నేల కాలికి ఏ సంగతీ చెప్పదు. పాదంలో 26 ఎముకలున్నాయి, ఎత్తుపల్లాలకి తగ్గట్టు సర్దుకోవడం వాటి పని. వాటిని చదునైన రాయి మీద ఏళ్ల తరబడి మోపితే అవి తమ పని మర్చిపోతాయి.

అందుకని సముద్రం దగ్గరికి పోయాను. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి నడుం కలుక్కుమనేది. అల వెనక్కి పోయిన చోట, తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవాలని నాలుగో రోజుకి తెలిసింది. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది గనక భీమిలి దిక్కుకి పోయేటప్పుడు కుడి కాలు పల్లంలో ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమ కాలు. ఎంత దూరం వెళ్తే అంత దూరం వెనక్కి రావాలి, లేకపోతే నడుముకి ఒకే పక్క బరువు. ఇలాంటివి ఏ యాప్ చెబుతుంది? పాదం చెబుతుంది. అల వచ్చేటప్పుడు పీల్చి, పోయేటప్పుడు వదిలేదాన్ని. పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగం అందుకుంటుందనీ, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిస్తుందనీ, వదిలే ఊపిరి పొడుగు చేసుకుంటే ఒళ్లంతా ఆ నెమ్మదిని అందుకుంటుందనీ తర్వాత చదివాను. చదవకముందే నా గుండెకి తెలుసు. మూడు నెలలకి నలభై అడుగులు రెండు కిలోమీటర్లయ్యాయి. మందులు మానలేదు, డాక్టరు దగ్గరికి వెళ్లడమూ మానలేదు. నడకతో షుగరు మాయమవుతుందని, శ్వాసతో గడ్డలు కరుగుతాయని చెప్పేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. నేను చెబుతున్నది అంతకంటే చిన్న సంగతి: నా ఒళ్లు నాకు మళ్లీ తెలిసింది. అది నాకు ఇసుక ఇచ్చింది, డబ్బడక్కుండా.

ఇప్పుడు ఆ ఇసుక సంగతి.

భీమిలి దారిలో ఒక సరుగుడు తోట ఉండేది. పేరు రాయను. ఎండలో కూడా కింద చల్లగా ఉండేది, రాలిన సరుగుడాకు మెత్తగా కాలికి తగిలేది. పక్క పల్లె ఆడవాళ్లు ఆ ఆకు ఊడ్చి మూటలు కట్టి పొయ్యిలోకి పట్టుకుపోయేవాళ్లు. నాలాంటి వాళ్లు పది మంది పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లం. రెండేళ్ల కిందట కంచె పడింది. లోపల గుడిసెల్లాంటి గదులు, కొబ్బరి పీచు బాటలు, ఒక గేటు. చెప్పులు విప్పి భూమిని అనుభవించండి అని గేటు మీద బోర్డు. గంట సేపు మౌన నడకకి రెండు వేల రూపాయలు. గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు ఆ పల్లెవాడే. వాళ్ల అమ్మ అక్కడే సరుగుడాకు ఊడ్చేది. నన్ను గుర్తుపట్టాడు, తల దించుకుని "టోకెన్ ఉందా అమ్మగారూ?" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. భూమిని తీసుకుని, దాని స్పర్శని గంటల లెక్కన అమ్మేవాడి మీద కోపం. అమ్ముతున్నంతసేపూ కరుణ గురించి, ప్రకృతి తల్లి గురించి మాట్లాడతాడే, దాని మీద ఇంకా కోపం. నడకలో తప్పేమీ లేదు, నేర్పే గురువుకి నాలుగు రూపాయలు ఇవ్వడంలోనూ తప్పు లేదు. నేర్చుకున్నాక నడిచే నేలకి కంచె వెయ్యడం దొంగతనం. దానికి నాకు ఇంకో మాట తెలియదు.

అదే దారిలో ఉన్న రుషికొండ సంగతి అందరికీ తెలుసు. పర్యాటక శాఖ పాత రిసార్టు పడగొట్టి 2021లో కొండ తవ్వడం మొదలుపెట్టారు. అనుమతి 9.88 ఎకరాలకి. అంతకు మించి తవ్వారని హైకోర్టు ఆదేశం మీద కేంద్ర పర్యావరణ శాఖ వేసిన కమిటీ తేల్చింది. కొండ కోసిన చోట ఎర్రగా గాయం కనపడుతుంటే దాని మీద పచ్చ గుడ్డ కప్పారు. వందల కోట్ల భవనాలు లేచాయి. కొండ మళ్లీ లేవదు. దాన్ని తవ్విన ప్రభుత్వం పోయింది, కొత్తది వచ్చింది, 2024 జూన్‌లో తలుపులు తెరిచి లోపల బాత్రూముల దాకా జనానికి చూపించారు. గదుల మీద రాజకీయం నడిచినంత కాలం నడిచింది. కొండ మీద పుట్టిన మొక్కల గురించి, ఆ వాలు మీద పొద్దున్నే నడిచిన మనుషుల గురించి పార్టీలు మాట్లాడింది తక్కువ.

ఇంకొంచెం ముందుకి పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల పాటు సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతూ, గాలి మోసుకొచ్చి పోసిన ఎర్ర ఇసుక. భూగర్భ వారసత్వ స్థలమని గుర్తింపు ఉంది. అక్కడ ఇరుకు వాగుల మధ్య నడుస్తుంటే మన అడుగు చప్పుడు మనకే వినపడుతుంది, మనిషి తనంతట తానే గొంతు తగ్గిస్తాడు. ధ్యానం నేర్పాలంటే అంతకంటే మంచి గురువు లేడు. 2024 జులైలో ఆ దిబ్బల పక్కన యంత్రాలు దిగి చదును మొదలుపెట్టాయి. జనం గోల చేశాక ఆగాయి. గోల చెయ్యకపోతే?

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. తీరం నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు కూడదని గ్రామీణ తీరానికి ఒక హద్దు ఉండేది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో, జనం ఒత్తుగా ఉన్న పల్లెలకి ఆ హద్దు 50 మీటర్లకి కుదించారు. జనం ఒత్తుగా ఉన్న చోటే ఖాళీ నేల ఎక్కువ అవసరం. సరిగ్గా అక్కడే తగ్గించారు.

ఇది విశాఖ ఒక్కదాని జబ్బు కాదు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం. పొద్దున్నే వేల మంది దాని చుట్టూ నడుస్తారు. 2020లో దాని చుట్టూ పర్యావరణ రక్షణ మండలం ప్రకటించారు. దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎంత ఎక్కువనుకున్నా 30 మీటర్ల లోపే. మూడు మీటర్లు అంటే మా ఇంటి వరండా. ఆ ఊళ్లోనే యూనివర్సిటీ పక్క కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర, పండగ సెలవుల్లో, రాత్రీ పగలూ బుల్‌డోజర్లు తిప్పి చెట్లు కూల్చారు. నెమళ్లు అరిచిన అరుపు ఫోన్లలో రాష్ట్రమంతా విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది కాబట్టి మిగిలింది మిగిలింది. ఆ చెట్ల కోసం దెబ్బలు తిన్నది యూనివర్సిటీ పిల్లలు. ప్రకృతిలో ప్రశాంతత గురించి ఉపన్యాసాలిచ్చే పెద్ద పెద్ద గురువుల గొంతు ఆ నాలుగు రోజులూ నా చెవిన పడలేదు. ఎక్కడున్నారు మీరంతా? చెట్టు కింద కూర్చుని ఫొటో దిగినవాడికి ఆ చెట్టు కొట్టేస్తుంటే ఒక్క మాట అనే బాధ్యత లేదా?

జపాన్ అడవి స్నానం గురించి మన పత్రికలు తెగ రాస్తున్నాయి. రాయనివ్వండి, కానీ అసలు సంగతి వదిలెయ్యకండి. 1982లో షిన్‌రిన్‌యోకు అనే మాట పుట్టించింది ఏ ఆశ్రమమూ కాదు, ఆ దేశపు అటవీ శాఖ. అప్పటి అధిపతి తొమోహిదే అకియామా. నగానో ప్రాంతంలో అకసావా అడవి దానికి పుట్టిల్లు. అక్కడ మూడు వందల ఏళ్లు దాటిన హినోకి చెట్లున్నాయి. ముందు అడవిని నిలబెట్టారు, ఆ తర్వాత జనాన్ని రమ్మన్నారు. అడవి గాలితో రోగనిరోధక కణాలు పెరుగుతాయన్న పరిశోధనల్లో మొదటిది పన్నెండు మంది మీద చేసింది. దాన్ని పట్టుకుని గంతులెయ్యడం నాకిష్టం లేదు. నాకు ఇంకో పరిశోధన ముఖ్యం. 1984లో సైన్స్ పత్రికలో రోజర్ ఉల్రిచ్ రాశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనపడేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనపడ్డవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి పోయారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. మంచం దిగలేని మనిషికి, కిటికీలోంచి కనపడినందుకే అంత మేలు. మరి మన ఊళ్లలో ఎన్ని ఆసుపత్రి కిటికీల్లోంచి ఒక వేపచెట్టు కనపడుతుంది?

ఇక్కడ ఒకళ్లు లేచి అడుగుతారు, అడిగారు కూడా: "ఇదంతా తిన్నది అరగని వాళ్ల గొడవ కాదా? పేదవాడికి కావలసింది ఉద్యోగం, మీ మెల్లి నడక కాదు." ఈ మాటకి నేను జవాబు చెప్పి తీరాలి.

పెద జాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడమనిషి రోజుకి నాకంటే నాలుగు రెట్లు నడుస్తుంది. ఆవిడకి నడక నేర్పడం అవమానం. ఒడ్డున అలివి వల లాగేవాళ్లని చూడండి. ఇరవై ముప్పై మంది తాడు నడుముకి తగిలించుకుని, ఇసుకలో మడమలు గుచ్చి, ఒక్కో అడుగూ వెనక్కి. ఒకడు తప్పటడుగేస్తే తాడు చెబుతుంది. ఒకడి ఊపిరి ఇంకొకడి ఊపిరితో కలుస్తుంది. అది కష్టం, వ్యాయామం కాదు. దాన్ని చూసి పరవశించడానికి నాకు హక్కు లేదు. కానీ ఆ మనుషులకి కావలసింది ఏమిటి? వల లాగాక ఒళ్లు చాచి పడుకునే నీడ. తట్ట దింపి పది నిమిషాలు కళ్లు మూసుకునే చెట్టు. నెమ్మదితనం ఎవరికైనా అత్యవసరమైతే ముందు వాళ్లకి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లని ఒక్క పగట్లో కూల్చింది. ఆ తర్వాత నాటినవాటిలో రోడ్డు మధ్య అందానికి నాటినవి ఎన్ని, కిందకి చేరి మనిషి కూర్చోగలిగే చెట్లు ఎన్ని? బీచ్ రోడ్డున మధ్యాహ్నం ఒంటిగంటకి నడిచి చూడండి, ఎండే జవాబు చెబుతుంది.

ఆడవాళ్ల సంగతి మరీ. 2022 లెక్కలతో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో వేసిన అంచనా ప్రకారం, మన దేశంలో ఒంటికి చాలినంత కదలిక లేని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం. వెంటనే టీవీలో ఒక డాక్టరు గారు కూర్చుని ఆడవాళ్ల బద్ధకం గురించి, సీరియళ్ల గురించి చెప్పేశారు. విని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ డాక్టరు గారు ఒక్కసారి తెల్లవారుజామున నాలుగున్నరకి, దీపం వెలగని సందులో, ఒక్క ఆడదానిగా నడిచి చూడాలి. వెనక బైకు చప్పుడు నెమ్మదించగానే వెన్నులో ఏం పాకుతుందో తెలుసుకోవాలి. అప్పుడు శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పండి, వింటాను. ఒంటి మీద ధ్యాస నిలవాలంటే ముందు ఒంటికి భయం లేకుండా ఉండాలి. మా అమ్మ తరం ఆడవాళ్లకి చెరువుగట్టు ఉండేది, నీళ్ల రేవు ఉండేది, తులసికోట చుట్టూ పెరడు ఉండేది. అది స్వర్గమని నేననను, ఆ నీళ్ల బిందెల బరువు నాకు తెలుసు. కానీ పెరడు పోయి, గట్టు పోయి, వీధి మగవాడి బండికి పోయాక, ఆవిడ కదలడం లేదని నేరం మోపడం అన్యాయం.

నెమ్మదిగా నడవడం ఈ ఊరికి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది గిరి ప్రదక్షిణకి బయల్దేరతారు. 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే. పరుగు లేదు, పోటీ లేదు, ముసలమ్మలు మనవళ్ల చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ నడుస్తారు. దారి పొడుగునా జనం మజ్జిగ పోస్తారు, కాళ్లకి నీళ్లు చల్లుతారు. ఆ రోజు బళ్లు పక్కకి తప్పుకుంటాయి, నడిచేవాళ్లకి రోడ్డు వస్తుంది. రాత్రి రెండు గంటలకి ఆడవాళ్లు భయం లేకుండా నడిచే ఊరు ఇది అని నేను కళ్లారా చూశాను, ఏడాదికి ఆ ఒక్క రాత్రి. ఒక్క రాత్రికి సాధ్యమైనది మూడు వందల అరవై పొద్దులకి ఎందుకు సాధ్యం కాదు? పొద్దున కాసేపు బీచ్ రోడ్డు కొంత మేర బళ్లకి మూసి నడిచేవాళ్లకి వదులుతున్నారు కదా, ఆకాశం ఏమైనా విరిగిపడిందా?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. జూన్ 21 కోసం జిల్లాకి ఎంత ఖర్చు పెడతారో అంత డబ్బు ఆ జిల్లా చెరువుగట్ల మీద పెట్టండి. గట్టు కొలిపించండి, ఆక్రమణ తీయించండి, రెండు వైపులా కానుగ, వేప, రావి నాటించండి, నాలుగు దీపాలు వేయించండి, ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టించండి. సిమెంటు పరచకండి, జిమ్ యంత్రాలు బిగించకండి, విగ్రహాలు పెట్టకండి, టికెట్టు పెట్టకండి. 2023లో రుషికొండ బీచ్‌కి ఇరవై రూపాయల టికెట్టు పెడతామన్నారు. జనం తిరగబడితే వెనక్కి తీసుకున్నారు. అంటే తిరగబడితే పని జరుగుతుంది. యోగా నేర్పే మాస్టర్లకి కూడా ఒక మాట: మీ దగ్గర చేరిన ముప్పై మందిని నెలకి ఒక ఆదివారం మీ ఊరి గట్టు మీదికో, చెరువు దగ్గరికో, చదును చేస్తున్న కొండ దగ్గరికో తీసుకుపోండి. అక్కడ చాప పరవండి. బుల్‌డోజరు ముందు పద్మాసనం వేసిన మనిషిని కదపడం అంత తేలిక కాదు. ఆ సాధన కూడా మీరే నేర్పాలి.

మొన్న ఆ అంగన్‌వాడీ టీచరు ఫోన్ చేసింది, పిల్లాడి కాలేజీ సీటు గురించి. మాటల్లో మాటగా, చాప ఏం చేశావని అడిగాను. బియ్యం డ్రమ్ము వెనక నిలబెట్టానంది. "ఒక్కసారీ పరవలేదమ్మా. ఇంకా మీ బీచ్ ఇసుక రాలుతోంది దాంట్లోంచి."